ఎర్రదంటే గండుదేనా?

పిల్లి రంగు చూసి అది ఆడదో మగదో చెప్పేస్తానని మా అమ్మకు గట్టి ధీమా. దగ్గరికి పిలిచి తోక ఎత్తి చూసే పని ఆమెకు లేదు. ప్రహరీగోడ మీదుగా నడిచిపోతూ కనిపిస్తే చాలు, "ఎర్రది గదా, గండుదే" అని తీర్పు చెప్పి మళ్లీ బియ్యం ఏరుకుంటూ కూర్చుంటుంది. నలుపు, ఎరుపు, తెలుపు మూడూ కలిసిన పిల్లి కనిపిస్తే, "అది ఆడది. అడిగేదేముంది?" అంటుంది. ఆమెకు ఎనభై దాటాయి. పుట్టిల్లు గూనపెంకుల ఇల్లు, వడ్లగుమ్ములున్న ఇల్లు. ఎలుకలూ పిల్లులూ తరతరాలుగా సంసారాలు చేసిన చోటు. అంత అనుభవం వున్న మనిషితో వాదించేవారు మా జనగామలో, కనీసం మా వీధిలో, ఎవరూ లేరు.

ఎర్రది అంటే కుంకుమ ఎరుపు అనుకునేరు. మన భాషలో జంతువులకు ఎరుపు చౌక. ఎర్రావు, ఎర్రకుక్క, ఎర్రపిల్లి. వీటిలో ఒక్కటీ ఎర్రగా వుండదు. ఆ పిల్లి రంగు సరిగ్గా చెప్పాలంటే మా పక్కనే వున్న పెంబర్తికి పోవాలి. అక్కడ ఇత్తడి రేకు మీద సుత్తితో బొమ్మలు తీరుస్తారు. చింతపండుతో తోమిన ఇత్తడి ఎలా వుంటుంది? కొన్ని పిల్లులు అలా వుంటాయి. నాలుగు నెలలు తోమకుండా వదిలేసిన ఇత్తడి ఎలా వుంటుంది? కొన్ని అలా వుంటాయి. ఇంకా కొన్ని, ఎవరో పాలు కలిపినట్టు, వెలిసిపోయి మీగడ రంగులో వుంటాయి. అది వేరే రంగు కాదట. అదే ఎరుపు, రంగును పలచబరిచే మరో జన్యువు తోడై అలా కనిపిస్తుందట.

ఈ సంగతులన్నీ నాకు ఇంత వివరంగా తెలియడానికి కారణం ఒక మూడురంగుల పిల్లి. పోయిన వానాకాలంలో అది మా అటక ఎక్కి, పాత సందూకు వెనక నాలుగు పిల్లల్ని పెట్టింది. రెండు ఎర్రవి, ఒకటి కాటుక నలుపు, ఒకటి తల్లిలాగే మూడు రంగులది. పదో తరగతి చదువుతున్న మా చిన్నమ్మాయికి ఆ యేడు పాఠాల్లో అనువంశికత వచ్చింది. మెండెల్ గారి బఠాణీల మీద కన్న దానికి అటక మీది పిల్లల మీద శ్రద్ధ ఎక్కువైంది. నోటుపుస్తకం పట్టుకుని నిచ్చెన ఎక్కడం, ఒక్కొక్కదాని బొమ్మ గీసుకుని దిగడం. ఆ బొమ్మలు చూస్తూ చూస్తూ నేనూ చదవడం మొదలుపెట్టాను.

మొదట ఆశ్చర్యం కలిగించిన విషయం ఇది: చారలు లేని ఎర్రపిల్లి వుండదు. నల్లపిల్లి వుంటుంది, తెల్లపిల్లి వుంటుంది, ఒంటి మీద చిన్న గీతైనా లేకుండా. ఎర్రదానికి మాత్రం ఎక్కడో ఒకచోట చార వుండి తీరుతుంది. ఏటవాలు ఎండలో నిలబెట్టి చూడండి, బయటపడుతుంది. నుదుటిమీద ఇంగ్లీషు ఎమ్ అక్షరంలా మూడు నాలుగు గీతలు, కంటి కొసనుంచి చెంప మీదికి ఒక గీత, తోకకు కట్లు. కారణం చిత్రమైనది. అసలు పిల్లులన్నిటికీ లోపల చారల నమూనా వుంటుంది. పుట్టిన తీరులో ప్రతి వెంట్రుకకూ కొంత మేర నలుపు, కొంత మేర పసుపు పట్టీలు వేసే ఏర్పాటు ఒకటుంది. ఆ ఏర్పాటు చెడితే వెంట్రుక మొదలునుంచి కొసదాకా నల్లబడి, చారలు ఆ నలుపులో మునిగిపోతాయి. కాని నలుపే లేని ఎర్ర వెంట్రుకలో ముంచడానికి ఏముంది? అందుకని చారలు పైకి తేలే వుంటాయి. మా అటక మీది తల్లిపిల్లి ఇందుకు సాక్ష్యం. దాని నల్లమచ్చలు నున్నగా నల్లగా వున్నాయి. ఎర్రమచ్చల్లో మాత్రం చారలున్నాయి. ఒకే ఒంటిమీద రెండు న్యాయాలు.

చారల్లో తీరులున్నాయి. వెన్నుమీద ఒక నిలువు గీత, దానినుంచి ప్రక్కటెముకల మీదికి సన్నని గీతలు దిగితే అది చేపముల్లు తీరు. మా ఎర్రపిల్లల్లో ఒకటి ఇలాంటిది. ఆ గీతలు ముక్కలుముక్కలుగా తెగితే చుక్కల తీరు. మూడోది సుడుల తీరు. చారలు వెడల్పయి, పక్కన పాలమీద తొరక కలిపినట్టు సుళ్లు తిరుగుతాయి. ఇది పాత రోజుల్లో లేదట. పురాతనమైన పిల్లి ఎముకలు తవ్వి తీసి పరీక్షించినవారు, ఈ సుడుల తీరు 14వ శతాబ్దం ప్రాంతంలో తురుష్క దేశంలో మొదట కనిపించిందని 2017లో ప్రకటించారు. అటక మీది రెండో ఎర్రపిల్ల నాలుగో తీరు. కాళ్లకూ మొగానికీ తోకకూ చారలున్నాయి గాని, నడుము మీద ఇసుక చల్లినట్టు సాదాగా వుంది. మన వీధుల్లో ఈ సాదారకం తరుచుగా కనిపిస్తుంది. ఐరోపాలో దీన్ని అబిసీనియా పిల్లి అని పేరుపెట్టి గొప్పగా పెంచుకుంటారు. హాలండు దేశంలో లైడెన్ మ్యూజియంలో 1830లలో కొని, చర్మంలో పీచుకూరి నిలబెట్టిన అలాంటి పిల్లి ఒకటుంది. దాని చీటీ మీద ఊరు ఇండియా అని వుంది! మా మిల్లు సందు పిల్లులకు ఈ గౌరవం సంగతి తెలియదు.

చారల పిల్లికి ఇంగ్లీషులో టాబీ అని పేరు. అదీ బట్టల కొట్టునుంచి వచ్చిందే. పూర్వం బాగ్దాదు నగరంలో అత్తాబియా అనే పేట వుండేది. అక్కడ నేసిన చారల పట్టుకు పేట పేరే వచ్చింది. ఆ పట్టు ఐరోపా చేరేసరికి టాబీ అయింది. ఆ తరవాత ఆ పేరు బట్టనుంచి పిల్లిమీదికి ఎక్కింది. మనకు పోచంపల్లి అంటే ఊరూ గుర్తొస్తుంది, చీరా గుర్తొస్తుంది. పిల్లి ఒక్కటే తక్కువ.

ఇక మా అమ్మ సిద్ధాంతానికి వద్దాం. అది ఉత్త మాట కాదు. ఎరుపు చేసే జన్యువు ఎక్స్ అనే క్రోమోజోము మీద వుంది. గండుపిల్లికి ఎక్స్ ఒక్కటే, అదీ తల్లి ఇచ్చింది. తండ్రి కొడుక్కిచ్చేది వై. ఆడపిల్లికి రెండు ఎక్స్‌లు, తల్లిదొకటి, తండ్రిదొకటి. గండుది ఎర్రబడాలంటే తల్లి ఇచ్చిన ఒక్కదానిమీద ఎరుపు గుర్తు వుంటే చాలు. ఆడది పూర్తిగా ఎర్రబడాలంటే రెండింటి మీదా వుండాలి. మా చిన్నది నోటుపుస్తకంలో లెక్క వేసి చూపించింది. వీధిలో నాలుగు ఎక్స్‌లలో ఒకదానికి ఎరుపు గుర్తు వుందనుకుంటే, గండుపిల్లుల్లో నాలుగింట ఒకటి ఎర్రగా వుంటుంది. ఆడపిల్లుల్లో ఆ నాలుగింట ఒకటిలో మళ్లీ నాలుగింట ఒకటి, అంటే పదహారింట ఒకటే. ఆ లెక్కన అయిదు ఎర్రపిల్లులు నడిచిపోతే నాలుగు గండువే. మా అమ్మ గోడమీద చూసి చెప్పిన తీర్పు అయిదుసార్లకు నాలుగుసార్లు నిలుస్తుందన్న మాట. చిక్కంతా ఆ అయిదో పిల్లితోనే.

ఈ జన్యువును పట్టుకోవడానికి నూరేళ్లకు పైగా పట్టింది. 2025లో రెండు బృందాలు, ఒకటి జపానులో క్యూషూ విశ్వవిద్యాలయానికి చెందిన హిరోయుకి ససాకి గారిది, మరొకటి అమెరికాలో స్టాన్‌ఫర్డ్‌లో గ్రెగ్ బార్ష్, క్రిస్టఫర్ కేలిన్ గార్లది, ఎవరికి వారుగా వెతికి ఒకే జవాబు ప్రకటించాయి. పేరు నోరు తిరగదు, ఏ ఆర్ హెచ్ గ్యాప్ 36. దాని దగ్గరలో డి.ఎన్.ఎ.లో సుమారు అయిదు వేల అక్షరాల ముక్క ఒకటి ఊడిపోయింది. అది ఊడడంతో, రంగు కణాల్లో పనిలేకుండా పడివుండవలసిన జన్యువు లేచి కూచుంది. నలుపు తయారీ ఆగిపోయి ఎరుపు తయారవడం మొదలైంది. జపాను బృందానికి పిల్లుల మీద ప్రేమ వున్న మామూలు జనం కూడా చందాలు వేశారట. మన దగ్గర పిల్లి పేరు చెప్పి చందా అడిగితే ఏమి జరుగుతుందో నేను ఊహించలేను.

మా యింట్లో ఈ విషయం పెద్ద వివాదానికి తెర దించింది. నాలుగు పిల్లలకూ తండ్రి ఎవరు? మిల్లు సందులో చెవి చిరిగిన ఎర్రగండు ఒకటి, సినిమాహాలు వెనక నల్లగండు ఒకటి, రెండూ మా గోడ మీద కచేరీలు చేసినవే. "ఎర్రపిల్లలు పుట్టినయంటే ఎర్రగండే తండ్రి" అని మా అమ్మ. కాదు, ఎర్ర కొడుకు పుడితే తండ్రి గురించి అది చెప్పే సాక్ష్యం ఏమీ లేదు. కొడుకు రంగులోని ఎరుపూ నలుపూ తల్లి సొమ్మే. తండ్రి ఎర్రనివాడైనా నల్లనివాడైనా కొడుకుకు ఆ ఎక్స్ ఇవ్వనే ఇవ్వడు. తండ్రి మీద సాక్ష్యం చెప్పగలిగింది కూతురు మాత్రమే. పూర్తిగా ఎర్రని కూతురు పుట్టిందంటే తండ్రి ఎర్రనివాడు అయితీరాలి. పిల్లుల్లో ఒకే ఈతలో ఇద్దరు తండ్రుల పిల్లలు పుట్టడమూ వుంది కాబట్టి, సాక్ష్యం ఆ ఒక్క కూతురి మటుకే.

అలాంటి కూతురు అటక మీద వుంది. చేపముల్లు చారల పిల్ల. మా చిన్నది మొదటి వారంలోనే చూసి చెప్పింది. ఎవరు వింటారు?

పిల్లలు పాలు మానేశాక పంపకాలు మొదలయ్యాయి. మా వైపు పిల్లిపిల్ల కావాలని వచ్చే ప్రతివారూ అడిగేది ఒకటే, గండుది. ఆడదైతే యేటా పిల్లల్ని పెడుతుంది, ఎవరు సాకుతారు? నల్లదాన్ని కిరాణాకొట్టువాళ్లు పట్టుకుపోయారు. సాదా ఎర్రదాన్ని మిల్లువాళ్లు తీసుకున్నారు. చారల ఎర్రదాన్ని రైల్వే క్వార్టర్లలో వుండే అబ్బాయి ఒకడు తీసుకున్నాడు. ఆ రోజు నేను ఊళ్లో లేను. "ఇది ఆడది" అని మా చిన్నది అన్నదట. "ఎర్రది ఆడదెట్లయితది బిడ్డా?" అని మా అమ్మ అన్నదట. ఎనభై యేళ్ల మాట ముందు పదిహేనేళ్ల మాట యేపాటి?

మూడురంగులదాన్ని ఎవరూ అడగలేదు. దాన్ని దూరంనుంచి చూసే ఆడదని చెప్పవచ్చు. ఆ రంగులే దాని ఒంటిమీది చీటీ. దాని రెండు ఎక్స్‌లలో ఒకటి ఎరుపు చెబుతుంది, ఒకటి నలుపు చెబుతుంది. కాని ఒక్కొక్క కణంలో ఒక్క ఎక్స్ మాత్రమే పనిచేస్తుంది, రెండోది ముడుచుకుని నిద్రపోతుంది. ఇద్దరు కోడళ్లున్న ఇంట్లో ఒక పొయ్యి దగ్గర ఒక్కరే వండుతారు గదా, అలాగ. ఏ కోడలు వండిన చోట ఆ రుచి. ముడుచుకున్న ఆ ఎక్స్‌ను కెనడాలో మరే బార్ అనే ఆయన, ఆయన శిష్యుడు 1949లో మొదట చూసింది కూడా పిల్లి నరాల కణాల్లోనే. అది నిద్రపోయిన ఎక్స్ అని 1961లో ఇంగ్లండులో మేరీ లయన్ అనే ఆవిడ విడమరచి చెప్పింది. ఏ కణంలో ఏది నిద్రపోవాలన్నది తల్లి కడుపులో అనుకోకుండా తేలుతుంది. అందుకే ఏ రెండు మూడురంగుల పిల్లులూ ఒక్కలా వుండవు. 2001లో అమెరికాలో ఒక మూడురంగుల పిల్లికి అచ్చు నకలు తీయబోయారు. పుట్టినదానికి ఎరుపు లేనేలేదు! నకలు తీసిన కణంలో ఎర్ర కోడలు నిద్రలో వుంది.

మూడో రంగైన తెలుపు కథ వేరు. అది రంగు కాదు, రంగు అందకపోవడం. రంగు కణాలు కడుపులో వుండగా వెన్ను దగ్గర పుట్టి కిందికి పాకుతాయి. చాలినన్ని లేకపోతే చివర వుండేవి, పొట్ట, ఛాతీ, పాదాలు, తెల్లగా మిగులుతాయి. వెన్నుమీద తెలుపు వుండి పొట్ట ఎర్రగా వున్న పిల్లి కనిపించకపోవడానికి కారణం అదే.

మూడు నెలలు గడిచాయి. ఒక సాయంత్రం రైల్వే క్వార్టర్ల అబ్బాయి గోనెసంచితో వచ్చాడు. సంచి కదులుతున్నది.

"పెద్దమ్మా, నువ్వు గండుదంటివి. ఇది ఆడదే. మా ఇంట్లో వద్దంటున్నరు."

"మంచిగ చూసినవా?" అన్నది మా అమ్మ.

"డాక్టరుకు చూపెట్టిన పెద్దమ్మా."

"ఎలుకలు పడుతున్నదా?" అని నేను అడిగాను.

"మస్తు పడుతది అన్నా. అది గాదు సమస్య."

అతను చెడ్డవాడు కాదు. సంచి దించేముందు దాని తల నిమిరాడు. మూడు నెలలు దానికి అన్నంలో పాలు కలిపి పెట్టినవాడే. అదే పిల్లి, అవే చారలు. మారిందల్లా ఒక్క మాట. ఆ మాటకు అది సంచిలోకి వచ్చింది.

ఎదురింటి వదినగారు గుమ్మంలోనే నిలబడి ఉపాయం చెప్పింది. తల్లి, ఇద్దరు కూతుళ్లు, మూడూ ఆడవే అయ్యాయి. వచ్చే యేటికి మీ అటక నిండుతుంది. రాత్రిపూట సంచిలో వేసి పట్టాలు దాటించి మార్కెట్‌యార్డు దగ్గర వదిలేయండి. ధాన్యం వుంటుంది, ఎలుకలుంటాయి, అవి బతుకుతాయి. అందరూ చేసేదేనండీ. నిజమే, అందరూ చేసేదే. మార్కెట్‌యార్డు దగ్గర కనిపించే పిల్లిపిల్లలు అక్కడ మొలిచినవి కావు. వాటిలో మూడురంగులవి ఎందుకు ఎక్కువగా కనిపిస్తాయో నాకు ఆ రోజు అర్థమైంది.

మా చిన్నది అంతసేపూ మాట్లాడలేదు. సంచి మూతి విప్పి ఎర్రదాన్ని ఒళ్లో పెట్టుకుని, తలెత్తకుండా అడిగింది.

"నాయినమ్మా, నేను పుట్టినప్పుడు నన్ను చూసి ఏమన్నవ్?"

మా యింట్లో ఇద్దరూ ఆడపిల్లలే. పెద్దది పెళ్లయి హైదరాబాదులో వుంది. రెండోసారీ ఆడపిల్ల అని తెలిసిన రోజు దవాఖాన వరండాలో ఎవరి మొహాలు ఎలా వున్నాయో నాకు బాగా గుర్తుంది. నేను మా అమ్మ వైపు చూడలేకపోయాను. ఆమె చాటలో బియ్యం రెండుసార్లు అటూ ఇటూ కదిపింది.

"ఏమంటనే? ఎర్రగున్నది పిల్ల, మా అవ్వ పోలిక, అన్న" అన్నది.

మన తెలుగులో ఎరుపుకు ఇంకో అర్థం వుందని అప్పుడు నాకు గుర్తొచ్చింది. ఆ మాట ఆ రోజు నిజంగా అన్నదో, ఈ రోజు అవసరానికి అన్నదో నేను అడగలేదు. "ఆ సంచి దులిపి దండెం మీద ఎయ్యి. రేపు వడ్లకు కావాలె" అని కూడా అన్నది. ఎదురింటి వదినగారు కాసేపు నిలబడి వెళ్లిపోయింది.

తరువాతి వారం మూడింటినీ బుట్టల్లో పెట్టుకుని ఒకటి తరువాత ఒకటి డాక్టరు దగ్గరికి తీసుకుపోయి ఆపరేషను చేయించాం. పిల్లికి ఆపరేషనా అని నవ్వినవాళ్లున్నారు. నవ్వి, మళ్లీ చాటుగా వచ్చి ఖర్చెంతయిందని అడిగినవాళ్లూ వున్నారు. యేటా నాలుగైదు పిల్లల్ని సంచిలో మోసేదానికన్న ఇది మేలని నా లెక్క. గండుదే కావాలనడానికి అందరూ చెప్పే కారణం ఒకటేగదా, పిల్లలు పెడుతుందని. ఆ కారణం పోయాక రైల్వే క్వార్టర్ల అబ్బాయికి కబురు పెట్టాను. వచ్చాడు. మా అమ్మ ఎర్రదాన్ని ఇవ్వనన్నది. మూడురంగులదాన్ని పట్టుకుపొమ్మంది. పట్టుకుపోయాడు.

ఎర్రదానికి ఆపరేషను కోసం ఎడమపక్క అరచేయంత మేర జుట్టు గొరిగారు. చారలన్నీ పోయి చర్మం బయటపడింది. మా చిన్నదానికి దిగులు పట్టుకుంది, మళ్లీ చారలు వస్తాయా, వస్తే అవే వస్తాయా అని. చారల గీతలు వెంట్రుకలవి కావని, వెంట్రుకలింకా మొలవకముందే తల్లి కడుపులో చర్మం మీద ఎక్కడ చీకటి ఎక్కడ వెలుతురు అని హద్దులు పడిపోతాయని 2021లో ఆ స్టాన్‌ఫర్డ్ వారే తేల్చారు. నేను చదివి చెప్పాను. అది నమ్మలేదు. నోటుపుస్తకం తెచ్చి, అటక మీద వున్నప్పుడు గీసుకున్న ఎడమపక్క బొమ్మ తీసి పెట్టుకుంది. నెల తిరిగేసరికి పొట్టి జుట్టు వచ్చింది. మొదట అంతా ఇసుక రంగు. తరువాత ఒక గీత, దాని పక్కన ఇంకొకటి. వెన్ను దగ్గరినుంచి మూడో చార సగం దిగి రెండుగా చీలుతుంది, బొమ్మలో అలాగే వుంది. మా అమ్మ కళ్లజోడు పెట్టుకుని ఒకసారి పుస్తకం వంక, ఒకసారి పిల్లి వంక చూసి, "నాలుగోది ఇంక రాలేదు" అన్నది.